దుమ్ముకూ నష్టానికీ నడుమ: శ్వాసనాళాల వాపును కొలిచిన చరిత్ర

దూది దుమ్ములో, జనపనార దుమ్ములో, ధాన్యపు పొట్టులో బతుకు వెళ్లదీసి ఊపిరి పోగొట్టుకున్నవాళ్ల జ్ఞాపకార్థం ఏర్పడిన ఉపన్యాసమిది. వాళ్లలో ఎంతోమంది జబ్బుకు ఉబ్బసమనో, క్షయ అనో, బీడీ దగ్గనో పేరు పడింది. ఆ జబ్బు తెచ్చిపెట్టిన పని ఏదో మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు. ఇందుకు వైద్యుల నిర్లక్ష్యం ఒక్కటే కారణమని నేననుకోను. ఏది కొలవాలో, ఎప్పుడు కొలవాలో తెలియకపోవడం అంతకంటే పెద్ద కారణం. మొక్కల నుంచి, జంతువుల నుంచి, వాటి మీద పెరిగే సూక్ష్మజీవుల నుంచి వచ్చే దుమ్ము మనిషిని మూడు మజిలీల్లో దెబ్బతీస్తుంది. గాలిలో దుమ్ము నిండటం మొదటిది. శ్వాసనాళాల లోపలి పొర రేగి వాచడం రెండోది. ఆ వాపు ఏళ్లతరబడి మానక ఊపిరితిత్తుల సత్తువ తగ్గిపోవడం మూడోది. వైద్యశాస్త్రం మూడో మజిలీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. ఆ నడకను మీ ముందు పెట్టి ఒక్క మాట వాదించదలిచాను. రెండో మజిలీని తగిన పరికరంతో, తగిన వేళకు, గాలి కొలతతో జతచేసి కొలవకపోతే మన పరీక్షలు కార్మికుణ్ణి కాపాడలేవు. కొన్నయితే అతనికి ఎదురు సాక్ష్యం చెబుతాయి.

ఇటలీలోని మోడెనాలో 1700లో బెర్నార్డినో రామజ్జీని వృత్తి రోగాల మీద తన గ్రంథం అచ్చువేసినప్పుడే జనపనార చిక్కుతీసేవాళ్ల దగ్గు గురించీ, ధాన్యం జల్లించేవాళ్ల ఆయాసం గురించీ రాశాడు. 1831లో మాంచెస్టర్ వైద్యుడు జేమ్స్ ఫిలిప్స్ కే నూలుమిల్లుల కార్మికుల్లో ఒక ప్రత్యేకమైన ఊపిరితిత్తుల జబ్బును వర్ణించాడు. అయితే నా దృష్టిలో ఈ చరిత్రకు అసలు మలుపు 1845లో బెల్జియంలోని గెంట్ నగరంలో వచ్చింది. మారెస్కా, హేమన్ అనే ఇద్దరు వైద్యులు అక్కడి దూది కార్మికులను కూర్చోబెట్టి అడిగారు. సోమ, మంగళవారాల్లో దుమ్ము ఎక్కువ బాధపెడుతుందనీ, వారం గడిచేకొద్దీ బాధ తగ్గుతుందనీ వాళ్లు చెప్పారు. గొట్టాలూ యంత్రాలూ లేని కాలంలో శ్వాసనాళాల వాపుకు దొరికిన మొట్టమొదటి కొలత ఇది. సెలవురోజు దుమ్ము లేక తేరుకున్న పొర, సోమవారం మళ్లీ దుమ్ము తగలగానే కొత్తగా రేగుతుందన్న విషయం ఆ జవాబులోనే ఉంది. దాన్ని కణాల భాషలో చెప్పడానికి ఇంకో నూట ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

ఈలోగా యంత్రాలొచ్చాయి. 1846లో జాన్ హచిన్సన్ ఊపిరిని కొలిచే తన స్పైరోమీటరును లోకానికి చూపాడు. ఊదిన గాలిలో మొదటి సెకనులో ఎంత బయటికి వచ్చిందన్నదే ముఖ్యమని 1947లో ఫ్రాన్సులో టిఫనో తేల్చాడు. 1950లలో రిచర్డ్ షిల్లింగ్ లాంకషైర్ మిల్లులకు వెళ్లి, సోమవారం ఛాతీ బిగుసుకుపోవడాన్ని ఆధారం చేసుకుని, దూది దుమ్ము తెచ్చే బిసినోసిస్ జబ్బును అంచెలుగా విభజించాడు. సోమవారం మాత్రమే బాధపడేవాళ్లు ఒక అంచె, మిగతా రోజులకూ బాధ పాకినవాళ్లు ఇంకో అంచె, శాశ్వతంగా ఊపిరి తగ్గినవాళ్లు చివరి అంచె. ఇంత సూక్ష్మమైన పని జరగకముందే, 1941లో, బ్రిటన్‌లో ఈ జబ్బుకు పరిహార పథకం వచ్చింది. కానీ దాన్ని అందుకోవాలంటే ఇరవై ఏళ్ల సర్వీసు చూపాలి. కొలత చివరి మజిలీ దగ్గరే ఆగిపోతే చట్టం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. ఇరవై ఏళ్లు దుమ్ము పీల్చి, ఇక కోలుకోనంతగా దెబ్బతిన్న మనిషి మాత్రమే రోగి కింద లెక్క.

అమెరికాలో ఉత్తర కరోలినా మిల్లుల్లో జేమ్స్ మర్చంట్ బృందం 1970ల మొదట్లో దుమ్ము పెరిగేకొద్దీ జబ్బు ఎలా పెరుగుతుందో లెక్కగట్టింది. 1978లో వచ్చిన ప్రభుత్వ ప్రమాణం నూలు వడికే విభాగాల్లో ఘనమీటరు గాలికి 200 మైక్రోగ్రాముల దుమ్మును మించనివ్వరాదంది. కార్మికుణ్ణి వారంలో మొదటి రోజున, కనీసం 35 గంటలు దుమ్ముకు దూరంగా ఉన్నాక పరీక్షించాలనీ, షిఫ్టు మొదలైన నాలుగు నుంచి పది గంటల లోపు మళ్లీ పరీక్షించాలనీ కూడా అదే ప్రమాణం చెప్పింది. గెంట్ కార్మికుల మాట అలా చట్టంలోకి ఎక్కింది. ఖర్చుకు తగిన లాభం చూపనక్కరలేదనీ, సాధ్యమైనంత మేరకు కార్మికుడి ఆరోగ్యాన్ని కాపాడటమే చట్టం అడిగేదనీ 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఆ ప్రమాణాన్ని నిలబెట్టింది. కానీ పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లుల కోసం విడిగా తెచ్చిన ప్రమాణాన్ని అంతకుముందే, 1980లో, అప్పీలు కోర్టు కొట్టేసింది. స్పిన్నింగ్ మిల్లుల్లో ఏడాది పొడవునా దుమ్ము పీల్చినవాళ్ల మీద సేకరించిన ఆధారాలు, సీజనులో మాత్రమే నడిచే జిన్నింగుకు వర్తించవన్నది అక్కడ నెగ్గిన వాదం. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు ప్రాంతాల జిన్నింగ్ మిల్లుల్లో పత్తి సీజను అంతా పనిచేసే వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ తీర్పును చదవాలి.

ఇంతకీ దుమ్ములో చెడు చేసేది ఏది? 1942లో అమెరికా పల్లెల్లో మరకలు పడ్డ నాసిరకం దూదితో పరుపులు కుట్టిన వాళ్లు ఒక్కసారిగా జ్వరం, వణుకుతో పడిపోయారు. ఆ దూది మీద పెరిగిన బ్యాక్టీరియా మీదికి అనుమానం మళ్లింది. కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థాన్ని పసిగట్టే మార్గం 1960లలో ఫ్రెడరిక్ బ్యాంగ్, జాక్ లెవిన్‌లకు గుర్రపునాడా ఆకారపు సముద్రజీవి రక్తంలో దొరికింది. ఆ రక్తం ఎండోటాక్సిన్ తగలగానే గడ్డకడుతుంది. 1987లో రాబర్ట్ కాస్టెలన్ బృందం ప్రయోగశాలలో నెలకొల్పిన, దూది ఏకే కార్డింగ్ గదిలో మనుషుల ఊపిరిని కొలిచి తేల్చినదేమిటంటే, మొదటి సెకనులో ఊదే గాలి తగ్గుదల దుమ్ము బరువుకు కాక దానిలోని ఎండోటాక్సిన్ మోతాదుకు అనుగుణంగా ఉంది. ఆ పరిశోధన ఆధారంగానే 2010లో నెదర్లాండ్స్ ఆరోగ్య మండలి ఘనమీటరు గాలికి 90 ఎండోటాక్సిన్ యూనిట్ల పరిమితిని సూచించింది. దుమ్మును తూచి ఊరుకుంటే చాలదని, రెండు గదుల్లో ఒకే బరువు దుమ్మున్నా వాటి హాని ఒకటి కాకపోవచ్చని ఇలా రుజువైంది.

ఇక నడిమి మజిలీ. 1990ల మొదట్లో స్వీడన్‌లో షెల్ లార్సన్ బృందం ఎన్నడూ పందుల పెంపకంలో పనిచేయని ఆరోగ్యవంతులను కొన్ని గంటల పాటు ఇలాంటి దుమ్మే ఉండే పందుల కొట్టంలో ఉంచి, తర్వాత వాళ్ల ఊపిరితిత్తులను ఉప్పునీటితో కడిగి చూసింది. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు పదుల రెట్లు పెరిగి కనిపించాయి. అంత తీవ్రమైన వాపు ఒక్కపూట దుమ్ముతో వచ్చింది. ఎండోటాక్సిన్‌ను శ్వాసనాళాల గోడల్లోని గ్రాహకాలు పట్టుకోగానే ఇంటర్‌ల్యూకిన్-8 వంటి సంకేత పదార్థాలు వెలువడతాయి, ఆ పిలుపుకు న్యూట్రోఫిల్‌లు గుంపులుగా వస్తాయి. సూక్ష్మజీవిని చంపడానికి అవి విడుదల చేసే ఎంజైములే పక్కనున్న ఆరోగ్యమైన కణజాలాన్ని కూడా తింటాయి. ఊపిరితిత్తులు కడగడం కార్మికుల మీద రోజూ చేయగలిగిన పని కాదు. కెనడాలోని హామిల్టన్‌లో 1992లో రూపొందిన పద్ధతి ఆ చిక్కు తీర్చింది. గాఢమైన ఉప్పునీటి ఆవిరి పీల్పించి తెమడ రప్పించి, అందులోని కణాలను రకాలవారీగా లెక్కపెడతారు. తెమడ రాకపోతే ముక్కును ఉప్పునీటితో కడిగి వాపు గుర్తులు చూసే మార్గమూ ఉంది.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. ఇవాళ ఆసుపత్రుల్లో సులభంగా దొరికే వాపు కొలత, ఊదిన గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ పరీక్ష. ఉబ్బసం ఉన్నవాళ్ల శ్వాసలో ఈ వాయువు ఎక్కువగా ఉంటుందని 1993లో స్వీడన్‌లో తేలింది. వందకోట్ల వంతుల గాలిలో 25 వంతుల లోపైతే తక్కువనీ, 50 దాటితే ఎక్కువనీ 2011 నుంచి పెద్దవాళ్లకు హద్దులున్నాయి. నొప్పి లేదు, నిమిషాల్లో అయిపోతుంది. కానీ అది చూపేది అలర్జీ తరహా వాపును, ఇసినోఫిల్ కణాల వాపును. పిండి అలర్జీతో ఉబ్బసం వచ్చిన బేకరీ కార్మికుడి విషయంలో అది నిజంగానే పనికొస్తుంది. న్యూట్రోఫిల్‌ల వాపు ఆ యంత్రానికి దాదాపు కనబడదు. పైగా పొగతాగేవాళ్లలో ఆ అంకె ఇంకా పడిపోతుంది. బీడీ తాగే జిన్నింగ్ కార్మికుడు ఊదితే అంకె తక్కువ రావచ్చు, వాపు లేదని వైద్యుడు రాయవచ్చు, ఆ కాగితం చూపి యజమాని పరిహారం కాదనవచ్చు. బియ్యం తూచే కాటాతో జ్వరం చూసినట్టుంటుంది ఆ తీర్పు. యంత్రం అబద్ధమాడలేదు, దాన్ని అడగవలసిన ప్రశ్న మనం అడగలేదు.

నా వాదానికి బలమైన అభ్యంతరాలున్నాయి. శరీరం అలవాటు పడుతుంది కదా అన్నది ఒకటి. పందుల కొట్టంలో ఏళ్లుగా పనిచేసే రైతులను కొత్తవాళ్లతో పోల్చినప్పుడు వాళ్ల స్పందన మందంగా ఉన్న మాట నిజమే. అయితే ఆ మందకొడితనాన్ని ఆరోగ్యంగా చదవకూడదు. కొత్తగా రేగే శక్తి తగ్గింది తప్ప దెబ్బతినడం ఆగలేదని చెప్పే ఆధారం షాంఘైలో ఉంది. అక్కడ 1981లో 447 మంది నూలుమిల్లు కార్మికులను, పోలిక కోసం 472 మంది పట్టు మిల్లు కార్మికులను నమోదుచేసి డేవిడ్ క్రిస్టియాని బృందం దశాబ్దాల పాటు వెంబడించింది. దూది దుమ్ములో పనిచేసినవాళ్ల ఊపిరి ఏటేటా ఎక్కువగా తగ్గింది. పని మానినవాళ్లలో ఆ తగ్గుదల నెమ్మదించింది. తట్టుకోలేనివాళ్లు ముందే వెళ్లిపోవడం వల్ల మిల్లులో మిగిలినవాళ్లు గట్టివాళ్లుగా కనిపిస్తారన్న సంగతి కూడా ఇక్కడ మరవకూడదు.

శరీరాన్ని కొలవడమెందుకు, దుమ్మును తగ్గిస్తే సరిపోదా అన్నది ఇంకో అభ్యంతరం. దుమ్మును తగ్గించడమే మొదటి పని, అందులో నాకు సందేహం లేదు. కానీ తగ్గించామన్న మాట నిజమో కాదో తేల్చేది శ్వాసనాళాలే. తడిసిన పత్తిలో బ్యాక్టీరియా పెరిగిన ఏడాది దుమ్ము బరువు మారకుండానే హాని మారిపోతుంది. ఖర్చు గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. ప్రతి కార్మికుడికీ తెమడ పరీక్ష చేయమని నేనడగను. ఒక్కో మిల్లులో కొద్దిమందికి చేసినా, ఆ గుంపు సగటు ఆ గది గురించి మాట్లాడుతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టే అభ్యంతరం కార్మిక సంఘాల నుంచే వస్తుంది: వాపు కనిపించినవాణ్ణి పనిలోంచి తీసేస్తారు. ఈ భయం న్యాయమైనది. ఆధారం యజమాని చేతికి వెళితే జరిగేది అదే. అందుకే ఫలితం కార్మికుడికీ, ప్రభుత్వ వైద్యుడికీ తప్ప మూడోవాళ్లకు పేరుతో సహా చేరకూడదని నేను గట్టిగా కోరుతున్నాను. యజమానికి చేరవలసింది గుంపు ఫలితం, గాలి కొలత. అవి రెండూ చెడ్డగా ఉంటే మారవలసింది గది, మనిషి కాదు.

మన రాష్ట్రాల్లో ఇది ఎలా జరగాలో కూడా చెబుతాను. జిన్నింగ్‌లో సోమవారం లెక్క కుదరదు, ఎందుకంటే సీజనులో సెలవుకు ఖాయమైన రోజు ఉండకపోవచ్చు. ఇక్కడ తేరుకునే కాలం సీజన్ల నడుమ వచ్చే నెలలు. కాబట్టి మొదటి కొలత పత్తి రాకముందు, పొర తేరుకుని ఉన్నప్పుడు తీసుకోవాలి. రెండోది పని మొదలైన తొలి రోజుల్లో, స్పందన పదునుగా ఉన్నప్పుడు. మూడోది సీజను ముగిసేటప్పుడు. ప్రతిసారీ స్పైరోమీటరుతో పాటు కొందరిలో తెమడ లేదా ముక్కు కడిగిన నీరు, అదే రోజు గాలిలో దుమ్ము బరువు, ఎండోటాక్సిన్ కలిపి నమోదు చేయాలి. వలస వచ్చిన కార్మికుడు వెళ్లిపోయేటప్పుడు తన కాగితాలు తన భాషలో తన చేతికి అందాలి. పరిహారం కోసం చట్టం గుర్తించే వృత్తి రోగాల జాబితాలో దూది, జనపనార దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఇప్పటికే ఉంది. ఆ వరుస కింద దావా వేయాలంటే అతనికి కావలసింది ఆ మూడు కొలతలూ, వాటి పక్కన మిల్లు పేరూ, తేదీలూ.