డొక్క చూసే డాక్టరు మన వాడ నుంచీ రావాలి
(వాడలో తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు మాట్లాడిన దాని పాఠం)



నేను లెక్కలు చెప్పే పంతుల్ని. ఇవాళ పిల్లల డాక్టరు గురించి చెప్తానంటే కొందరికి నవ్వొచ్చు. కానీ అందులోనూ లెక్కుంది.

నా చిన్నతనంలో మా తమ్ముడికి దగ్గు, జ్వరం వచ్చి రాత్రంతా డొక్కలెగరేశాడు. మా అమ్మ పసరు పోసింది, దిష్టి తీసింది. తెల్లారేసరికి పిల్లాడు లేడు. మా అమ్మది తప్పంటారా? అది న్యుమోనియా అని చెప్పే మనిషి మాకు అందుబాటులో లేడు.

పాతికేళ్లకి నా కూతురికి దగ్గొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లాను. పిల్లల డాక్టరమ్మ ముందు మందు రాయలేదు. గౌను పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. నా తమ్ముడు ఎందుకు పోయాడో నాకు ఆ నిమిషంలో తెలిసింది.

ఆ లెక్క మీరూ గుర్తుపెట్టుకోండి. నిమిషానికి, రెండు నెలల్లోపు బిడ్డకి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. అంతకు చేరినా, దాటినా ప్రమాదమే. డొక్కలు లోపలికి పోతున్నా, బిడ్డ పాలు తాగకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆస్పత్రికి పోవాలి.

దూరంగా కూచుని చీటీ రాసేవాడికి డొక్క కనపడదు. దగ్గరికి తీసుకోవాలి, తల్లి మాట వినాలి. అలాంటి డాక్టర్లు మన ఇళ్ల నుంచీ రావాలి.

ఎలా అవుతారు? ఇంటర్‌లో బైపీసీ చదవాలి. తర్వాత నీట్. దాన్ని తెలుగులోనూ రాయొచ్చు. 720 మార్కుల్లో సగం, అంటే 360, జీవశాస్త్రానివే. సీటొస్తే ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్‌సర్జన్ ఏడాది. మళ్లీ పీజీ నీట్. ఆపైన పిల్లల వైద్యంలో ఎండీ మూడేళ్లు, అందులో మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో పని. మొత్తం ఎనిమిదిన్నరేళ్లు. పరీక్షలకి తయారయ్యే కాలం దీనికి అదనం.

పెద్ద దారే, కాదనను. కానీ హౌస్‌సర్జన్ నుంచి స్టైపెండ్ వస్తుంది. అఖిల భారత కోటాలో ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి ఏడున్నర శాతం సీట్లున్నాయి. పీజీలో ఆ కోటాకి రిజర్వేషన్ సుప్రీంకోర్టు ఉత్తర్వుతో 2007లోగానీ రాలేదు. పోట్లాడి తెచ్చుకున్న సీటు ఖాళీగా పోతే తప్పెవరిది?

అందుకే అడుగుతున్నా. టెన్త్‌లో సైన్సు బాగా చదివే ఆడపిల్లని మిరప కోతకి పంపకండి, పెళ్లి మాట ఎత్తకండి. ఫీజు సంగతి, హాస్టలు సంగతి మా పంతుళ్లం, సంఘం కుర్రాళ్లం కలిసి తిరుగుతాం.

ఈ రాత్రి ఇంటికెళ్లి, నిద్రపోతున్న మీ బిడ్డ ఊపిరి ఒక్క నిమిషం లెక్కపెట్టండి. పక్కన పెద్దపిల్లని కూచోబెట్టుకుని లెక్కపెట్టండి. డాక్టరు చదువులో మొదటి పాఠం దానికి మీ ఇంట్లోనే మొదలవుద్ది.