బండిమీఁది బరువు లెక్క

పెనుగంచిప్రోలు మునేటి యొడ్డున నున్న గ్రామము. అచ్చటి శ్రీ లక్ష్మీతిరుపతమ్మవారి తిరునాళ్ళకు జనులు బండ్లు గట్టుకొని వచ్చుట పూర్వమునుండి యున్న యాచారము. అమ్మవారి విగ్రహములను రంగులు వేయించుటకై జగ్గయ్యపేటకుఁ గొనిపోయి, మరల నూరేగింపుగాఁ దెచ్చు నుత్సవమును మన మెఱుఁగుదుము. ఆ బండ్లను లాగు నెడ్ల మెడలయందు బరువు వ్రాసిన పలక గట్టియుండదు. అయినను హద్దు మీఱి యెత్తినచో నెద్దు కదలదు. కాఁడి క్రింద మెడ వంచదు, మోకాళ్ళపైఁ గూలఁబడును. ఇంతకు మించి తనవలనఁ గాదని దేహముతోనే చెప్పును.

మోటారుబండి యట్లు చెప్పదు. పది టన్నులకు బదులు పదునైదు టన్ను లెత్తినను దాని యింజను గర్జించుచునే కదలును. దాని యభ్యంతరము బయలుదేఱునప్పుడు వినఁబడదు. పల్లమునందు బ్రేకు త్రొక్కినప్పుడో, ఎండకుఁ గాఁగిన తారురోడ్డుపై టైరు పగిలినప్పుడో వినఁబడును. అప్పటికి వినువాఁడు చేయఁగలిగిన దేమియు నుండదు. కావుననే యెద్దు తన దేహముతోఁ జెప్పు మాటను, మోటారుబండి పక్షమున మనుష్యుఁడు ముందుగా లెక్కించి బండిమీఁద వ్రాయవలసి వచ్చినది. ఆ వ్రాఁత తప్పైనచో నేమగునన్నదియే నేఁటి ప్రసంగమునకు విషయము.

జగ్గయ్యపేట, నందిగామల మీఁదుగా హైదరాబాదు, విజయవాడల నడుమఁ దిరుగు లారీల ప్రక్కను జూడుఁడు. యు. ఎల్. డబ్ల్యు., ఆర్. ఎల్. డబ్ల్యు. అను పొడి యక్షరములును, వాని కెదుట నంకెలును రంగుతో వ్రాసియుండును. మొదటిది వట్టి బండి బరువు. రెండవది సరకుతోఁ గూడ నా బండి కుండఁదగిన మొత్తము బరువు. మొదటిదానిని రెండవదానినుండి తీసివేయఁగా మిగిలినదియే మోయఁదగిన సరకు. ఈ బరువులను రిజిస్ట్రేషను పత్రమునందుఁ జేర్పవలయుననియు, యజమాని వానిని బండిమీఁదఁ గనఁబఱుపవలయుననియు 1988 నాఁటి మోటారు వాహనముల చట్టము 58వ సెక్షనునందు విధించినది.

చూపుతోనే బరువు తేల్చుకొనలేమా యని కొంద ఱడుగుదురు. ఈ మెట్టసీమలోనే దానికి సమాధానము గలదు. ప్రత్తి బోరెములు నింపిన లారీ త్రోవనంతయు నాక్రమించి కొండవలెఁ గనఁబడును. తూఁచి చూచిన నది హద్దులోనే యుండవచ్చును. జగ్గయ్యపేట ప్రాంతపు సున్నపురాయి నెత్తిన లారీ తొట్టి సగమైనను నిండినట్లు తోఁపదు. కాని దాని యిరుసు లప్పటికే మూలుగుచుండవచ్చును. కన్ను పరిమాణమును జూచునుగాని బరువును జూడలేదు. అందుచేత నంకె నాశ్రయింపక తప్పదు.

ఆ యంకె వెనుక నున్న సంగతు లెవ్వి? బరువు రెట్టింపైనచో నదే వేగమునఁ బోవు బండి శక్తియు రెట్టింపగును. ఆ శక్తి నంతను బ్రేకులు వేఁడిగా మార్చి పోఁగొట్టవలయును. పోఁగొట్టలేనినాఁడు బండి నిలువదు. టైరునకును దన హద్దు గలదు. కారు టైరు ప్రక్కను 91 అను సూచికాసంఖ్య యున్నచో, తగినంత గాలి యున్నప్పు డా టైరు 615 కిలోగ్రాముల వఱకు మోయునని యర్థము. గాలి తగ్గినచో మోఁతయుఁ దగ్గును. మఱియు మొత్తము బరువు సరియైనను సరకంతయు వెనుకకుఁ జేరినచో వెనుక యిరుసున కధికభారమగును. ముందు చక్రములు తేలికపడి స్టీరింగు చేతికి లొంగదు. ఇన్ని లెక్కలు కలిసి యొక్క యంకె యగుచున్నవి. డ్రైవరు వీని నన్నింటిని గణింపలేఁడు, అంకెను నమ్మును.

అమెరికాలో 1966 నాఁటి చట్టముతో లోపమును యజమానులకుఁ దెలుపుటయు, 1974 సవరణతో దానిని వెలలేక సరిచేయుటయుఁ దయారుచేసినవారికి విధియైనవి. 2000 సంవత్సరము ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనుకకుఁ బిలిచినది. వాని పైపొర యూడిపోయి, ఫోర్డు కంపెనీవారి ఎక్స్‌ప్లోరరు బండ్లు బోల్తాపడి, అనేకులు మరణించిరి. టైరులలో గాలి యెంత యుండవలయును, బండిమీఁద బరువెంత యుండవచ్చును అను ప్రశ్నలు దేశమంతట నప్పుడు చర్చకు వచ్చినవి. ఆ యేఁటనే క్రొత్త చట్టము పుట్టినది. నేఁ డచ్చటి కార్లలో డ్రైవరు తలుపు ప్రక్కను, మనుష్యులును సామానును గలిసి యింత బరువు మీఱరాదని తెలుపు చీటీ యుండును. ఒక రకపు బండి చీటీ మఱియొక రకపు బండి కంటించుటచేతనో, లెక్కలో తప్పుచేతనో, కేవల మా చీటీ కొఱకే కంపెనీలు బండ్లను వెనుకకుఁ బిలిచిన సందర్భములు గలవు. బండిలో మర చెడలేదు. క్రొత్త చీటీ యంటించుటయే మరమ్మతు.

ఒక కాగితపు ముక్కకై యింత యార్భాటమేల యని నవ్వువారుందురు. వారొక సంగతి గమనింపవలయును. హద్దును లక్ష్యపెట్టనివానికి చీటీ సరియైనను ఒకటియే, తప్పైనను ఒకటియే. చీటీ చదివి, దానికి లోఁబడి, కొంత సరకును దింపివేసిన బుద్ధిమంతునికే తప్పుటంకెవలన నపాయము. పాటించినవానిని బాటించినందులకే ముంచునట్టి తప్పు సామాన్యమైనది కాదు. అందుచే దానిని యంత్రలోపముతో సమానముగా నెంచుట న్యాయము.

ఓడల చరిత్రయు దీనినే బోధించును. ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్సోల్ అను పార్లమెంటు సభ్యుఁడు, మితిమీఱిన బరువుతో నోడలు మునిఁగి నావికులు చచ్చుట కోర్వలేక పోరాడెను. ఓడ ప్రక్కను భారరేఖ గీయవలయునని 1876లో శాసనమైనది. కాని రేఖ యెచ్చట గీయవలయునో శాసనము నిర్ణయింపలేదు. ఆ యధికారము యజమానికే విడిచినది. రేఖ యుండెను, రక్ష లేకుండెను. ఆ లోపము సవరింపఁబడుటకు 1890 వఱకు నాఁగవలసివచ్చెను.

మన దేశమున మోటారు పరిశ్రమవారు 2012లో స్వచ్ఛందముగా నొక నియమావళి నేర్పఱచుకొనిరి. 2019 సవరణలో 110ఎ సెక్షను చేరి, లోపముగల బండ్లను వెనుకకుఁ బిలువుమని తయారుచేసినవారి నాజ్ఞాపించు నధికారము కేంద్రప్రభుత్వమునకుఁ గలిగినది. హద్దు మీఱి యెత్తినందులకు 20,000 రూపాయలును, పైఁబడిన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును జుల్మానా యని యా సవరణయే విధించినది. 2018 జూలైలో రెండిరుసుల లారీ మొత్తపు బరువు హద్దు 16.2 టన్నులనుండి 18.5 టన్నులకుఁ బెంపఁబడినది. అయితే గెజెట్టులో నంకె మాఱినంతనే, పూర్వము చేసిన యిరుసు గట్టిపడదని మఱువరాదు.

మన ప్రాంతమున నింకొక విశేషము గలదు. లారీ పైకట్టు తఱచు కంపెనీలోఁ గాక, విజయవాడ ఆటోనగరువంటి చోటులఁ గట్టఁబడుచుండును. పిమ్మట యజమాని పలకల యెత్తు పెంచును. ఇనుప పట్టీలు చేర్చును. అడుగున మందపు రేకు వేయించును. ఇవి యన్నియు బరువే. వట్టి బండి బరువు 500 కిలోగ్రాములు పెరిఁగినచో మోయఁదగిన సరకు 500 కిలోగ్రాములు తగ్గవలయును. కాని ప్రక్కను వ్రాసిన పాత యంకె మాఱదు. ఈ తప్పు కంపెనీది కాదు గనుక దీనికై వెనుకకుఁ బిలుచువా రెవ్వరును లేరు. యజమానియే బండిని వట్టిదిగాఁ గాటాకుఁ గొనిపోయి తూఁపించి, పత్రమునందలి యంకెతో సరిచూచుకొనవలయును.

సరకు మాట యటుండఁగా మనుష్యుల మాట మఱింత ముఖ్యమైనది. 2018 సెప్టెంబరు 11వ తేదీన తెలంగాణములోని కొండగట్టు ఘాటుదారిలో బస్సు లోయలోఁ బడి యేఁబదిమందికిఁ బైఁగా మరణించిరి. ఆ బస్సులో నూఱుమందికిఁ బైఁగా నుండిరి. తిరునాళ్ళ దినములలో ట్రాక్టరు తొట్లయందును, ఆటోలయందును బిల్లల నెత్తుకొని యెక్కు తల్లు లీ సంగతి మనసున నుంచుకొందురుగాక. ఇఁక నొక్కరే గదా యని బండివాఁడు పిలిచినప్పుడు, వలదని చెప్పి మఱియొక బండికై నిలుచుట పిఱికితనము కాదు. నోరులేని బండి పక్షమునఁ బలుకవలసినవాఁడు మనుష్యుఁడే.