పసివాళ్ల ఊపిరికి ఎంత ఒత్తిడి?



ఇంటికి వెళ్లాక లోతైన చెంబు నిండా నీళ్లు పోసి, స్ట్రాను 15 సెంటీమీటర్ల లోతున ముంచి మెల్లగా ఊదండి. కొసన బుడగ లేవడానికి బుగ్గలు ఎంత కష్టపడ్డాయో, అదే మత్తు డాక్టర్లం మేము చెప్పే 15 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. మత్తిచ్చిన పసిబిడ్డకు మాస్కుతో ఊపిరి అందించేటప్పుడు సాధారణంగా ఆ గీత దాటనివ్వం.

10 కిలోల పిల్లవాడికి ఒక్కో ఊపిరికి 60 నుంచి 80 మిల్లీలీటర్ల గాలి చాలు. మన హోటళ్లలో ఇచ్చే చిన్న టీ గ్లాసుడు, అంతే! అంతకు మించి బలంగా తోస్తే గాలి పక్కనున్న అన్నవాహికలోకీ దూరుతుంది. పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను కింది నుంచి నొక్కుతుంది. అప్పుడు కంగారులో, మాస్కుకు తగిలించిన గాలి సంచిని ఇంకా గట్టిగా పిసికితే పొట్ట ఇంకా ఉబ్బుతుంది. లోపల పాలుంటే పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. ఆపరేషన్‌కు ముందు తల్లిపాలు 4 గంటలు, డబ్బాపాలు 6 గంటలు ఆపమని మేము పట్టుబట్టేది ఇందుకే. బిడ్డ ఏడుపు చూడలేక ఏ అమ్మమ్మో రెండు గుక్కలు పట్టిస్తుంది, తిడతారని దాస్తుంది. దయచేసి చెప్పేయండి తల్లీ. ఆపరేషన్ కాసేపు ఆగుతుంది, అంతకంటే ఏమీ కాదు.

అలాగని ఒత్తిడి బొత్తిగా లేకపోయినా చిక్కే. మత్తులో కండరాలు సడలిపోతాయి, పసివాళ్ల పక్కటెముకలు మెత్తన. ఊపిరి వదిలినప్పుడల్లా ఊపిరితిత్తుల్లో కొంత భాగం ముడుచుకుపోతుంది. పూర్తిగా గాలి పోయిన బెలూన్‌ను మళ్లీ ఊదడం ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకే ఊపిరి వదిలాక కూడా 5 సెంటీమీటర్ల దాకా ఒత్తిడి మిగిలేలా చూస్తాం. బరువుతో పోలిస్తే చంటిబిడ్డలు మనకన్నా దాదాపు రెట్టింపు ఆక్సిజన్ వాడేస్తారు, నిల్వ మాత్రం తక్కువ. కాసేపు ఊపిరి అందకపోయినా తట్టుకోలేరు.

మేము పిసికే ఆ సంచికీ ఓ కథ ఉంది. 1937లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ఫిలిప్ ఎయిర్ అనే మత్తు డాక్టరు, గ్రహణంమొర్రి పిల్లల ఆపరేషన్ల కోసం టీ అక్షరం ఆకారపు గొట్టం ప్రవేశపెట్టాడు. 1950లో లివర్‌పూల్‌కు చెందిన జాక్సన్ రీస్ దానికి తోక తెరిచి ఉన్న సంచి తగిలించాడు. ఆ సంచి ఈనాటికీ మా చేతుల్లో ఉంది. ఊపిరితిత్తులు బిగుసుకుంటే ముందు వేళ్లకే తెలుస్తుంది.

15 మాకు హద్దు మాత్రమే. నా కళ్లు ఒత్తిడి చూపే మీటరుతో పాటు బిడ్డ ఛాతీ మీదా ఉంటాయి. 11 దగ్గరే అది చక్కగా లేచిందంటే, అక్కడే ఆగుతాను.