పార్లర్ పని నేర్చుకునే పిల్లలకు బీమా ఎక్కడుంది?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బీమా అనే మాట మనకు కొత్త కాదు. 2016 అక్టోబరు 2న చంద్రన్న బీమా మొదలైనప్పుడు క్లెయిము కాగితాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగింది మన బీమా మిత్రలే. ఎమ్మిగనూరులో మగ్గం మీద కూర్చునే వాళ్లకైతే ఈ సంగతులు ఇంకా బాగా తెలుసు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. నేతపని వాళ్లకు ఆ మధ్య మహాత్మాగాంధీ బునకర్ బీమా యోజన అని విడిగా ఒకటి ఉండేది. మగ్గానికి ఒక లెక్క ఉంది, కాబట్టి బీమా కూడా వచ్చింది. కానీ ఇప్పుడు మన ఇళ్లలో పిల్లలు పోతున్నది మగ్గానికి కాదు, పార్లరుకు. ఆ పిల్లలు ఏ లెక్కలో ఉన్నారు? ఈ సంవత్సరం మా ఉపసంఘం ఎక్కువగా తిరిగింది ఈ ప్రశ్న పట్టుకొనే.

పిల్లలు ఈ పనికి ఎందుకు పోతున్నారో మీకు చెప్పనక్కరలేదు. వానలు మొహం చాటేస్తే తల్లిదండ్రులు సుగ్గికి పోతారు, గుంటూరు మిరప చేలకో, బెంగుళూరు కట్టుబడి పనులకో. పదో తరగతి, ఇంటరు చదివిన ఆడపిల్లను వెంట తీసుకుపోలేరు, ఒంటరిగా వదల్లేరు. నీడపట్టున ఉండే పని, ఆడవాళ్ల మధ్యన ఉండే పని, పెళ్లయి వేరే ఊరు పోయినా చేతిలో ఉండే పని అని పార్లర్లో చేరుస్తారు. కొందరు ఆర్‌సెటి కేంద్రంలో ఉచితంగా నేర్చుకుంటారు, అక్కడే భోజనం, వసతి. కొందరు ఐటిఐలో కాస్మెటాలజీ చేరతారు. మనవాళ్లలో ఎక్కువమంది మాత్రం ఏదో ఒక పార్లరు అక్క దగ్గర ఫీజు కట్టి మూడు నెలలో ఆరు నెలలో నేర్చుకునేవాళ్లే. కాగితం ఉండదు, రసీదు ఉండదు. ఉండేదంతా ఆ అక్క మీద నమ్మకమే. ఆ అక్క కూడా చాలాసార్లు మన సంఘం మనిషే అవుతుంది, అది మర్చిపోవద్దు.

మేము తిరిగిన చోటల్లా తల్లులు చెప్పిన మాట ఒకటే: "బీమా ఉందమ్మా, బ్యాంకులో 20 రూపాయలు కట్ అవుతుంది." అది ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన. 2015లో 12 రూపాయలతో మొదలై, 2022 జూన్ 1 నుంచి 20 రూపాయలైంది. మంచి పథకమే, అందరూ కట్టాల్సిందే. కానీ అందులో ఏముందో చూడండి. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. రెండు కళ్లో, రెండు చేతులో, రెండు కాళ్లో పూర్తిగా పోతే 2 లక్షలు. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పోతే 1 లక్ష. అంతే. వ్యాక్సు హీటరు ఒలికి చెయ్యి కాలిన పిల్లకు అందులో పైసా రాదు. చెయ్యి కాలింది కానీ పోలేదు కదా! 436 రూపాయల జీవనజ్యోతి బీమా అయితే మనిషి పోతేనే. 2020లో వచ్చిన వైఎస్సార్ బీమా ఇంటిని పోషించే మనిషి పేరు మీద ఉండేది, పని నేర్చుకునే కూతురు అందులో లేదు. ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలో చేర్చుకొని చేసే వైద్యానికి. దద్దుర్లకు, పొక్కులకు బయటి నుంచి బయటే మందు రాసి పంపుతారు, ఆ ఖర్చు మనదే.

ఇంకొక చిక్కు వయసుది. సురక్ష బీమాకు 18 నిండాలి. పదో తరగతి కాగానే చేరిన పిల్లకు 16 ఏళ్లు. రెండేళ్లపాటు ఆమె వేడి వ్యాక్సు దగ్గర, బ్లీచు దగ్గర, కరెంటు స్టీమరు దగ్గర ఏ బీమా లేకుండా నిలబడుతుంది. 18 నిండిన పిల్లకు కూడా మే చివరి వారంలో ఖాతాలో డబ్బు లేకపోతే జూన్ 1 నుంచి బీమా ఉండదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు, పాస్‌బుక్ వేయించుకుంటేనే తెలుస్తుంది.

ఇది పిల్లకు జరిగే దెబ్బ సంగతి. పిల్ల చేతి మీదుగా వచ్చినామెకు దెబ్బ తగిలితే ఏమిటి? అసలు కష్టం ఇక్కడే ఉంది. మన దగ్గరకు వచ్చిన ఒక సంగతి చెబుతాము, పేర్లు వద్దు. పెళ్లి నాలుగు రోజులుందనగా ఒక అమ్మాయి బ్లీచు కోసం పార్లరుకు వచ్చింది. ఓనరమ్మ వేరే పెళ్లింటికి పోయింది. నేర్చుకునే పిల్లే బ్లీచు కలిపి పెట్టింది. బుగ్గలు ఎర్రగా పొంగినాయి. పెళ్లివాళ్లు పదిమంది వచ్చి కూర్చున్నారు. డాక్టరు ఖర్చు, ఫోటోల ఖర్చు, మానం ఖర్చు అన్నీ అడిగారు. ఓనరమ్మ "పిల్ల చేసింది, పిల్లనే అడగండి" అంది. ఆ పిల్ల తల్లి సంఘంలో తీసుకున్న అప్పు కిస్తీ డబ్బు అక్కడ పెట్టింది. రెండు నెలలు కిస్తీ ఆగింది. సంఘంలో మిగిలిన వాళ్లు సర్దారు. చూశారా, పార్లర్లో కలిపిన బ్లీచు ఎక్కడికొచ్చి తగిలిందో! అందుకే ఇది ఒక్క ఇంటి సంగతి కాదని సమాఖ్య ముందు పెడుతున్నాము.

పెద్ద ఊర్లలో ఇది ఎంతదాకా పోతుందో కూడా చూడండి. ఢిల్లీలో ఒక పెద్ద హోటలు సెలూనులో జుట్టు తప్పుగా కత్తిరించారని ఒకామె వినియోగదారుల కమిషనుకు పోతే, 2021లో జాతీయ కమిషను 2 కోట్లు ఇమ్మంది. 2023లో సుప్రీంకోర్టు ఆ అంకెకు ఆధారాలు చూపాలని మళ్లీ విచారణకు పంపింది. మన ఊర్లో ఎవరూ కోట్లు అడగరు. కానీ 2019 వినియోగదారుల చట్టం ఢిల్లీకీ ఆదోనికీ ఒకటే. 5 లక్షల లోపు విలువ కేసుకు ఫీజు కూడా లేదు.

బ్రిటన్ లాంటి దేశాల్లో ఈ పని నేర్చుకునే విద్యార్థులకే విడిగా బీమా అమ్ముతారు. పిల్ల చేతిలో ఎవరికైనా హాని జరిగితే ఆ పరిహారం కంపెనీ కడుతుంది. మన దగ్గర ఒక్క పిల్ల పోయి అలాంటిది అడిగితే ఏజెంటు నవ్వి పంపేస్తాడు. కానీ వేరే దారులు ఉన్నాయి. దుకాణదారులకు అమ్మే షాప్‌కీపర్ పాలసీలు సాధారణ బీమా కంపెనీలలో ఉన్నాయి. నిప్పు, దొంగతనంతో పాటు, షాపులో బయటివాళ్లకు జరిగే హానికి బాధ్యత అనే భాగం కూడా అందులో తీసుకోవచ్చు. ఏజెంటు మొదటి రెండూ చెప్పి మూడోది చెప్పడు, మనమే అడగాలి. అడిగేటప్పుడు రెండు మాటలు గట్టిగా పట్టుకోండి. ఒకటి, "మా దగ్గర నేర్చుకునే పిల్లలు కూడా కస్టమర్లకు పని చేస్తారు" అని దరఖాస్తులోనే రాయించాలి. దాస్తే రేపు క్లెయిము రోజున అదే సాకు అవుతుంది. రెండు, ఫేషియలు, బ్లీచు, రంగు లాంటి పనుల వల్ల జరిగే హాని అందులో ఉందా, లేక షాపులో జారి పడితేనే ఇస్తారా అని కాగితం మీద చూపించమనాలి. ఈ రెండూ వేరు వేరు. చాలా పాలసీల్లో జారిపడడమే ఉంటుంది. పనివల్ల వచ్చే హానికి వృత్తి బాధ్యత బీమా అని వేరే అడగాలి. ఇక పెళ్లింటికి పోయి చేసే మేకప్ షాపు గోడల బయట పని. పాలసీలో రాసి ఉంటే తప్ప అది లేనట్టే.

పిల్లలకు జరిగే ప్రమాదానికి గ్రూపు ప్రమాద బీమా ఉంది. పిల్లల పేర్ల జాబితా ఇచ్చి శిక్షణ కేంద్రమో సమాఖ్యో ఒకే పాలసీగా తీసుకోవచ్చు. కాలిన గాయాలకు వైద్య ఖర్చు అనే అదనపు భాగం అందులో చేర్చమని మేము అడుగుతున్నాము. అది లేకపోతే మళ్లీ చెయ్యి పోతేనే డబ్బు అనే కథకే వస్తాము. 18 నిండని పిల్లలను చేర్చుకుంటారా అన్నది కంపెనీ దగ్గర రాతలో తీసుకోవాలి.

ఒప్పందం రాసుకొని అప్రెంటిస్‌గా చేరితే 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం పనిలో తగిలిన దెబ్బకు పరిహారం యజమానిదే. మన చిన్న పార్లర్లలో ఆ ఒప్పందం ఎవరూ రాయరు. కానీ చేరేటప్పుడు ఒక తెల్లకాగితం మీదైనా రాయించుకోండి: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఫీజు ఎంత, ఓనరమ్మ లేనప్పుడు పిల్ల ఏ పనులు చెయ్యకూడదు. ఆ చివరి వాక్యం ఉంటే పైన చెప్పిన తల్లికి మాట్లాడడానికి ఒక ఆధారం ఉండేది.

రంగు విషయం ఒకటి ఉంది, ఇది బీమాకు ముందు మాట. నల్లరంగులో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి పడదు, కళ్లు మూసుకుపోయేంత వాపు వస్తుంది. ముందుగా చెవి వెనక కొంచెం పూసి చూడమని, కనుబొమలకు వాడొద్దని పెట్టె మీదే రాసి ఉంటుంది. పెట్టె మీద రాసింది చెయ్యలేదని తేలితే ఏ బీమా కంపెనీ అయినా ముందు దాన్నే పట్టుకుంటుంది. అందుకని పూసి చూసిన తేదీ, ఆమె సంతకం, ఒక నోటు పుస్తకంలో రాయించాలి. పొదుపు పుస్తకాలు రాసే చేతులు మనవి, ఇది మనకు బరువు కాదు.

క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు రాయాలి. అక్కడ తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు పోవచ్చు, దానికి ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

ఇప్పుడు మీ ముందున్న తీర్మానం ఇది. పార్లరు పెట్టుకోవడానికి సంఘం నుంచి అప్పు తీసుకునే ప్రతి సభ్యురాలూ బాధ్యత బీమా ఉన్న పాలసీ కాగితం చూపాలి. పని నేర్చుకునే మన ఇళ్ల పిల్లల జాబితా తయారుచేసి, సమాఖ్య పేరు మీద గ్రూపు పాలసీకి కనీసం మూడు కంపెనీల నుంచి ధరలు తెప్పించాలి. ప్రీమియంలో సగం సమాఖ్య, సగం ఓనరమ్మ పెట్టాలని మా ఉపసంఘం ఆలోచన. అంతా ఓనరమ్మే పెట్టాలని ఎమ్మిగనూరు వాళ్లు అంటున్నారు. చిన్న పార్లర్లు అంత మొయ్యలేవని, పిల్లలను చేర్చుకోవడమే మానేస్తాయని ఆదోని వాళ్లు అంటున్నారు. రెండింట్లోనూ న్యాయం ఉంది. భోజనాలకు ముందే దీని మీద మాట్లాడదాం. జాబితా కాగితాలు తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి, పిల్ల పుట్టిన తేదీ మాత్రం ఆధారు చూసి రాయండి.