గ్రంథపాలకుల పదోన్నతి
(ములుగున జరిగిన మన సంఘ వార్షికసభలో చేసిన ప్రసంగము)



మన యువకులలోను యువతులలోను గొందఱు గ్రంథాలయోద్యోగములందు నూతనముగాఁ బ్రవేశించియున్నారు. వారిని "పుస్తకముల దుమ్ము దులుపువారు" అని మనవారే పరిహసించుట వింటిని. ఇది యవివేకము. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. మన ప్రాంతమున భాషాభిమానమునకు గ్రంథాలయమే గదా పీఠము! 2023లో పార్లమెంటు శాసనముచే మన ములుగునకు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము లభించినది. విద్యాపీఠమున్నచోట గ్రంథపాలకుఁడు నుండకతప్పదు.

అయినను ఉద్యోగము దొరకినంతనే పని తీరదు. సహాయ గ్రంథపాలకుఁడు పదవ స్థాయినుండి పదునొకండవ స్థాయి కెక్కుటకు యూ.జీ.సీ. వారి 2018 నియమములు పిహెచ్.డి. గలవారికి 4, ఎం.ఫిల్. గలవారికి 5, తక్కినవారికి 6 సంవత్సరముల సేవను విధించినవి. అంతియకాదు; 21 దినముల ప్రారంభ శిక్షణ (ఓరియెంటేషన్) తరగతియు, గ్రంథాలయ యాంత్రీకరణాదులందు 5 దినముల శిక్షణయు వలయునన్నవి. పత్రభాండారములలోని వారికి నియమములు వేఱు. వానిని వారు మొదటనే చదువుకొనవలెను.

నా శిష్యుఁడొకఁడు సేవాకాలము నిండియు శిక్షణపత్రము చూపలేక వెనుకఁబడెను. వేలకొలది గ్రంథములకుఁ బట్టిక వ్రాసినవాఁడు తన కాగితములకుఁ బట్టిక వ్రాసికొనఁడయ్యెను! ఆ దినమున వాని ముఖము చూడఁజాలనైతిని.

కావున నాయనలారా, అమ్మలారా! నియామకపత్రము మొదలు ప్రతి శిక్షణపత్రమును నాఁడే భద్రపఱచుకొనుఁడు. సెలవు దొరకినపుడే తరగతులకుఁ బొండు. గడువు సమీపించువఱకు నిలువకుఁడు. పెద్దలారా! ఈ వృత్తియందు ముందు నడచినవారు ఏఁటేఁట నీ సభయందే క్రొత్తవారికి దారి చూపుదురుగాక. పరులకు జ్ఞానము నందించు చేయి తన హక్కును జాఱవిడువరాదు.

స్వస్తి.