ఇంజన్ కొడుతుంటే ముందు మనం వినాలి

(సంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కౌలు కార్డుల గురించి పెద్దలు మాట్లాడారు. నన్ను ట్రాక్టరు గురించి చెప్పమన్నారు. ఇదేం రైతు సమస్య అని వెనక వరసలో కొందరు నవ్వుతున్నారు. కాలువకు నీళ్లొచ్చి, దమ్ము చక్రాలు బిగించి, మడిలో దిగాక ఇంజన్లోంచి కొట్టుడు మొదలైతే అప్పుడు తెలుస్తుంది. బండి మీద ఇంకా వాయిదాలు ఉంటాయి. షెడ్డుకు తోలుకెళ్తే కొందరు చెవి పెట్టి వినకుండానే "ఇంజన్ దింపాలి" అంటారు. దింపాక మనం అడిగేదేమీ ఉండదు, రాసిచ్చిన బిల్లు కట్టడమే.

మెకానిక్కులందరూ మోసగాళ్లని నేననను. సీజన్లో షెడ్డు ముందు బళ్లు బారులు తీరి ఉంటే ఆయనకు మాత్రం తీరికెక్కడిది? మనం నాలుగు ముక్కలు సరిగ్గా చెప్పగలిగితే ఆయన పనీ తేలికవుతుంది, మన డబ్బూ మిగులుతుంది.

డీజిల్ ఇంజన్‌కు చప్పుడు సహజం. పెట్రోలు బండిలా ప్లగ్గు ఉండదు, గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కాస్త గట్టిగా కొట్టి, వేడెక్కాక తగ్గితే బెంగపడనక్కర్లేదు. నిన్న లేనిది ఇవాళ వస్తే, లోడు పడేకొద్దీ పెరుగుతుంటే పట్టించుకోవాలి.

ముందు ఆయిల్ చూడండి. బండి చదునైన చోట ఆపి, పది నిమిషాలాగి పుల్ల తీయండి. తక్కువుంటే సరే, పోస్తాం. పోయకుండానే మట్టం పెరిగిందా? వాసన చూడండి. డీజిల్ కంపు కొడితే పంపు నుంచో నాజిల్ నుంచో డీజిల్ కిందికి దిగుతోందన్న మాట. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. మెరిసే రజను వేలికి తగిలితే లోపల ఏదో అరుగుతోంది.

కింద ఆయిల్ చాంబర్ వైపు నుంచి "ధన్ ధన్" అని బరువైన దెబ్బ వస్తూ, ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతుంటే అక్కడికక్కడ ఇంజన్ ఆపేయండి. అది బేరింగు దెబ్బ కావచ్చు. "ఇంకో అరెకరమే కదా" అని తోలితే బేరింగుతో పోయేది క్రాంకు దాకా వస్తుంది. కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకు పగిలిందంటే ఇక ఆ ఏడు సేద్యం బండి కిందే పోయినట్టు.

పై నుంచి, వాల్వు మూత కింద నుంచి సన్నగా "టిక్ టిక్" అని వస్తే చాలాసార్లు అది ట్యాపెట్ల సందు. ఫీలర్ గేజి పెట్టి పుస్తకంలో ఉన్న కొలతకు సర్దితే పోతుంది. చప్పుడు ఎక్కడుందో తెలియాలంటే పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోండి. ముందు భుజం మీద కండువా తీసేయండి. ఫ్యాను బెల్టుకు మన సంఘం కండువా అని తెలియదు.

ఇక నాజిల్ పరీక్ష. పాత రకం పంపు ఉన్న బండిలో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా, ఒక్కో నాజిల్ దగ్గర పైపు నట్టు కొద్దిగా వదులు చేసి, మళ్లీ బిగించాలి. ఏ సిలిండర్ దగ్గర వదులు చేసినప్పుడు కొట్టుడు తగ్గుతుందో లోపం అందులోనే ఉంది. అప్పుడు ఆ నాజిల్‌ను పక్క సిలిండర్ నాజిల్‌తో మార్చి చూడాలి. చప్పుడు నాజిల్‌తో పాటు వెళ్తే నాజిల్‌దే తప్పు, పంపు షాపులో టెస్టు చేయిస్తే సరి. అక్కడే ఉండిపోతే పిస్టనో బేరింగో అనుకోవాలి. ఏది వదులు చేసినా మారకపోతే ట్యాపెట్లు చూడండి. పక్కనున్నవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. వెనక టైరులో గాలి ఒకటి, ఒకటిన్నర బార్. నాజిల్ దగ్గర డీజిల్ ఒత్తిడి సుమారు 200 బార్. వేలు అడ్డం పెడితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. నట్టు మీద గుడ్డ కప్పాలి, చెయ్యి, మొహం దూరంగా ఉంచాలి, అలవాటున్నవాళ్లే చెయ్యాలి.

కొత్త బళ్ల దగ్గర ఈ పరీక్ష అసలు చేయకూడదు. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో కామన్ రైల్ ఇంజన్లు వస్తున్నాయి, ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. కంప్యూటర్ తగిలిస్తే గానీ లోపం చెప్పదు. ఆ కంప్యూటర్ ఎవరి చేతిలో ఉంది? షోరూము వాళ్ల చేతిలో. ఊళ్లో మెకానిక్కుకు ఇవ్వరు, మనకు చూపించరు.

ఇక్కడే ఇది సంఘం పని అవుతుంది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. మొదట తీసుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలున్నాయి. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా పెట్టారు. పోర్టల్‌తో బండి బాగవదు. రిపేరు పుస్తకం తెలుగులో ఇవ్వాలి, స్కానర్ బయటి మెకానిక్కుకూ అమ్మాలి, విడిభాగాల ధరలు షోరూములో గోడ మీద రాయాలి. ఈ మూడూ తీర్మానంలో చేర్చమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. షెడ్డులో ఇంజన్ దింపేముందు ఏ సిలిండరు, ఏ కారణం అని కాగితం మీద రాయించుకోండి. తీసేసిన సామాను వెనక్కి అడిగి తెచ్చుకోండి.

బయట చింతచెట్టు కింద పాత ట్రాక్టరు స్టార్టు చేసి పెట్టారు. ఒక నాజిల్ కావాలనే వదులుగా ఉంచాం. భోజనాల ముందు ఐదుగురు ఐదుగురుగా రండి. ఏ సిలిండరో మీరే చెప్పాలి.