పుస్తకం పిల్ల ఒక్కదానికేనా?



ఎవరి జ్ఞాపకార్థం ఈ ధర్మనిధి తరఫున కడపలో ఈ సభ పెట్టారో ఆ టీచరమ్మ గురించి మీలో చాలామందికి నాకంటే ఎక్కువ తెలుసు. ఆమె క్రమశిక్షణ, దానగుణం గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నాకు గుర్తున్నది ఆమె గొంతు. లెక్క చెబుతూ చెబుతూ ఆగి, కడుపునొప్పితో బల్ల మీదికి ఒరిగిన పిల్లను పేరు పెట్టి పిలిచి, "ముట్టా తల్లీ? పోయి కాసేపు పడుకో" అనేది, జలుబు చేసిందా అని అడిగినంత మామూలుగా. మేమంతా సిగ్గుతో తలలు దించుకునేవాళ్లం. ఆమె మళ్లీ లెక్క అందుకునేది. ఈ ఉపన్యాసానికి నేను ఒప్పుకోవడానికి ఆ గొంతే కారణం.

ముట్టు అంటు కాదని, ఆ మూడు రోజులూ పిల్లను వాకిట్లోనో గుడిసెలోనో పెట్టడం తప్పని ఈ సభలో నేను నిరూపించనక్కర్లేదు. 2007లో కౌమార విద్యను కొన్ని రాష్ట్రాలు బడుల్లో ఆపేసినప్పుడు జరిగిన రభసా, 2018లో శబరిమల తీర్పు మీద సాగిన వాదాలూ మీకు తెలిసినవే. ముట్టు గురించి మగపిల్లలకు కూడా చెప్పాలన్నదానిలో నాకు పేచీ లేదు. నా పేచీ మరొకచోట ఉంది. చాలా ఏళ్లుగా ఉంది.

ఈ విషయం మీద పుస్తకాలు తెచ్చేవాళ్లు తరచుగా ఒక మాటతో మొదలుపెడతారు: మన సమాజం దీని గురించి నోరు విప్పదు, ఆ మౌనాన్ని మేము ఛేదిస్తున్నాము అని. రాయలసీమలో పుట్టి పెరిగిన నాకు ఆ మాట ఎన్నడూ మింగుడు పడలేదు. ఎక్కడుంది మౌనం? ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో పిల్ల పెద్దమనిషైతే వీధి మలుపులో ఫ్లెక్సీ లేస్తుంది. దాని మీద పిల్ల ఫొటో, మేనమామల ఫొటోలు ఉంటాయి. షామియానా, మైకు, ఊరికి భోజనాలు, ఆల్బం. ఫ్లెక్సీలు లేని రోజుల్లో సమర్త పాటలున్నాయి. బిరుదురాజు రామరాజుగారి తరం నుంచీ మన పరిశోధకులు స్త్రీల వేడుక పాటలు సేకరిస్తూనే ఉన్నారు కదా. ఊరంతా వినేలా పాడుకున్న సంగతిని ఎవరూ మాట్లాడని సంగతి అనడం నాకు సాహసంగా తోస్తుంది.

అంత చాటింపులోనూ పిల్లకు అందని సమాచారం ఉంది. ఆ రక్తం ఎక్కడిది, ఎందుకొచ్చింది, మళ్లీ ఎప్పుడొస్తుంది అని అడిగితే "చెడు రక్తం పోతుందిలే" అంటారు. అది చెడు రక్తం కాదని, గర్భాశయం లోపల నెలనెలా సిద్ధమయ్యే పొర గర్భం రానప్పుడు ఊడి బయటికి వస్తుందని చెప్పేవాళ్లు ఆ పందిట్లో ఉండరు. మొదటి ఒకటి రెండేళ్లు క్రమం తప్పి రావడం మామూలేనని చెప్పేవాళ్లు కూడా ఉండరు. చెప్పాలన్నా వాళ్లకూ తెలియదు. పాటలు పాడే అవ్వకు తెలియదు, పచ్చి కొమ్మలు తెచ్చి గుడిసె కట్టే మేనమామకు తెలియదు.

మౌనమే జబ్బు అనుకున్నవాళ్లు పిల్ల చెవిలో చెప్పే పుస్తకం రాస్తారు. అజ్ఞానం ఇంటిల్లిపాదిదీ అనుకుంటే పుస్తకం రూపమే మారిపోవాలి. నాతో విభేదించే మిత్రులు దీన్ని ఒప్పుకోరు. ఇది పిల్ల శరీరం, ఆమె ఏకాంతాన్ని గౌరవించాలి, పెద్దల చేతికిస్తే మళ్లీ పాత పెత్తనమే వస్తుంది అంటారు. బరువైన వాదమే. దీనికి వాళ్లు చూపించే పుస్తకం 'మెన్‌స్ట్రుపీడియా' కామిక్. అదితి గుప్తా, తుహిన్ పాల్ తెచ్చిన ఆ పుస్తకంలో ప్రియ అనే అక్క చెబుతుంది, పింకీ, జియా, మీరా వింటారు. బొమ్మలు బాగున్నాయి, చెప్పిన తీరు హాయిగా ఉంది. పిల్లల చేతుల్లో ఉండదగ్గదే. అయితే అలా కూర్చుని వింటున్న పిల్లల పెళ్లి ఎవరు నిర్ణయిస్తారు?

నేను ఇక్కడే ఆగుతాను, ఎంతసేపైనా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. మొదటి ముట్టుతో పిల్ల ఎదుగుదల ముగియదు. కటి ఎముకలు ఆ తర్వాత కూడా కొన్నేళ్లు పెరుగుతూనే ఉంటాయి. ఈ ఒక్క వాక్యం పిల్లకు ఎంత అవసరమో, "పెద్దమనిషైంది, ఇంకేం" అనే జేజికీ నాయనకూ అంతకు పదిరెట్లు అవసరం. చరిత్ర చూడండి. వీరేశలింగంగారి కాలంలో పోరాటం ఈడేరకముందే చేసే పెళ్లిళ్ల మీద. 1891లో సమ్మతి వయసు 12 చేస్తేనే దేశం అట్టుడికింది. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లు పెట్టింది, 1978లో అది 18 అయింది. ఈడేరేదాకా ఆగండి అని ఆనాటివాళ్లు ప్రాధేయపడ్డారు. నేడు పల్లెల్లో ఈడేరడమే పెళ్లికి అనుమతిపత్రం అయింది. ఆ పత్రాన్ని చించవలసింది పెద్దల మనసులో. పిల్ల ఒక్కదానికే పాఠం చెప్పి పంపిస్తే ఆమె ఇంటికి పోయి ఎవరితో వాదించాలి?

ఇంకొక ఆక్షేపణ ఉంది: బడి పుస్తకంలో పాఠం ఉంది కదా అని. ఉంది. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమారదశ పాఠం ఉంటూ వచ్చింది. ఆరో తరగతిలోనే సమర్తాడిన పిల్లకు అది రెండేళ్లు ఆలస్యం. ప్యాడ్లు ఇస్తున్నారు కదా అన్నవాళ్లూ ఉన్నారు. 2021 అక్టోబర్ 5న మొదలైన 'స్వేచ్ఛ' కార్యక్రమం ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు పది చొప్పున ఇవ్వాలంది, ఒక టీచరమ్మ పిల్లలతో మాట్లాడాలని కూడా అంది. మంచి పని. కానీ ప్యాకెట్లను లెక్కపెట్టవచ్చు, రిజిస్టరులో రాయవచ్చు. మాటను అలా లెక్కించలేము కనుక మాట వెనకబడుతుంది.

సరైన దారి తెలుగులో ఏనాడో కొందరు చూపించారు. 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ నుంచి 'సవాలక్ష సందేహాలు' అనే స్త్రీల ఆరోగ్య పుస్తకం వచ్చింది. బోస్టన్ ఆడవాళ్లు 1970లో మొదలుపెట్టిన 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' స్ఫూర్తి దానిలో ఉంది. అయినా మన ఆడవాళ్ల సందేహాల మీద నడుస్తుంది. దాని ఆధారంగా వీణా శత్రుఘ్న, గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్ 2004లో ఇంగ్లీషు పుస్తకం తెచ్చారు. ముట్టు నుంచి ముట్లుడిగేదాకా ఒకే అట్టల మధ్య పెట్టిన పుస్తకం 'సవాలక్ష సందేహాలు'. తల్లీ కూతురూ అవ్వా ముగ్గురూ తమ తమ పేజీ వెతుక్కోవచ్చు. అది లావు పుస్తకం, పట్నం పుస్తకం అని విమర్శించేవాళ్లకు నా జవాబు: అయితే దాన్ని సన్నగా, సీమ మాటలో తిరిగి రాద్దాం. వదిలేయడం జవాబు కాదు.

సీమలో ఇది ఎందుకు అత్యవసరమో చెబుతాను. కోసిగి, మంత్రాలయం, ఆదోని మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, గుంటూరు మిరప చేలకు పోతాయి. పిల్ల ఇంట్లో అవ్వ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో, కస్తూర్బా బడిలోనో ఉంటుంది. "సందేహం వస్తే అమ్మనడుగు" అని పుస్తకంలో రాసి ఉంటుంది. అమ్మ నెలల తరబడి ఊళ్లో లేదు. కొందరు పిల్లలు అమ్మతోపాటే చేను గట్టున గుడారంలో పెద్దమనుషులవుతారు. నీళ్లుండవు, చాటుండదు. నంద్యాల వైపు పత్తి విత్తనాల చేలలో క్రాసింగ్ పనికి, అంటే చేత్తో పూలకు పుప్పొడి అద్దే పనికి, ఆడపిల్లలను ఎలా వాడారో పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లుగారి అధ్యయనాలు రెండు దశాబ్దాల కిందటే చూపాయి. ఈ పిల్లలకు బాత్రూమూ డస్ట్‌బిన్నూ ఉన్న ఇంటి బొమ్మ వేసి చూపిస్తే అది వాళ్ల కథ కాదు. గుడ్డ వాడేవాళ్లకు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయమని చెప్పాలి. ఎండలో ఆరేయడానికి అత్తగారు ఒప్పుకోవాలి కాబట్టి ఆ మాట అత్తగారికీ చెప్పాలి.

ప్రస్తుతం నేనూ కొందరు టీచరమ్మలూ కూర్చుని చేస్తున్న పుస్తకం ఈ వాదం మీదే నడుస్తోంది. హాస్టళ్లలో పిల్లలు పేరు లేకుండా చీటీల మీద రాసిన ప్రశ్నలు ఒక వైపు పేజీలో, అవే ప్రశ్నలకు అవ్వలు చెప్పిన జవాబులు, వైద్యులు చెప్పే జవాబు ఎదుటి పేజీలో. చదువురాని అవ్వకు పిల్లే చదివి వినిపించాలి కనుక వాక్యాలు పొట్టిగా, మాట్లాడే తెలుగులో ఉంటాయి. పిల్ల తన కోసమే ఉంచుకోవలసిన భాగం విడిగా చిన్న పుస్తకంగా కుడతాము. ఏకాంతం గురించి మిత్రులు చెప్పినదాంట్లో న్యాయం ఉంది గనుక ఆ ఏర్పాటు. నువ్వులు, బెల్లం తినిపించే ఆచారాన్ని ఉంచుతున్నాము, గుడ్డి ఆంక్షలను పేరుపేరునా తీసేస్తున్నాము. మేనమామకు ఒక పేజీ ఉంటుంది.

దీనికి ఇంకా కావలసినవి ఉన్నాయి. జమ్మలమడుగు, పులివెందుల వైపు సమర్త పాటలు తెలిసిన పెద్దమ్మలు ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గరికి నన్ను తీసుకుపోండి. కర్నూలు పడమటి మండలాల హాస్టళ్లలో పనిచేసే వార్డెన్లు ఈ సభలో ఉంటే, సుగ్గి మొదలయ్యేలోగా మమ్మల్ని పిలవండి. ఈ ధర్మనిధి ఇచ్చే గౌరవ వేతనాన్ని మొదటి ముద్రణ కాగితానికి జమ చేయమని నిర్వాహకులను కోరాను, వారు ఒప్పుకున్నారు. ప్రతులు ముందుగా సీజనల్ హాస్టళ్లకు పోతాయి.